విశాఖ కొమ్మాది వైపు కొత్త లేఅవుట్: పార్కు అంటున్నది గెడ్డే కదా?

మూడో లైను ఇంటాయన:
మా కాలనీ వెనక నాలుగెకరాల జీడితోటలో లేఅవుట్ వేస్తున్నారు. పోయిన ఆదివారం పొక్లెయిన్ దిగింది. బ్రోచర్‌లో దారి మా మూడో లైనులోంచే చూపించారు. టేపు పెట్టి కొలిచాను: కరెంటు స్తంభానికీ ఎదురింటి ర్యాంపుకీ మధ్య పదహారడుగుల నాలుగంగుళాలు. స్కూలు ఆటో, నీళ్ల ట్యాంకరు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాల్సిందే. ఇక ఇసక లారీలు మొదలైతే ఊహించుకోండి.

దారి కంటే భయం గెడ్డ గురించి, అదే వాననీళ్లు పోయే వాగు. తోట మధ్యలోంచి పోతుంది. ఎండాకాలం మేకలు నడిచే బాటలా ఉంటుంది, కొత్తవాళ్లకి అది గెడ్డని తెలీదు. బ్రోచర్‌లో సరిగ్గా అక్కడే పచ్చరంగు పూసి ‘చిల్డ్రన్స్ పార్క్’ అని రాశారు. మేం అడ్డుపడాలా, సర్దుకుపోవాలా?

టోకెన్ ఇచ్చినవాణ్ణి:
అందులో ఒక ప్లాటుకి అడ్వాన్సిచ్చాను, దాచను. మీ కాలనీ మాత్రం ఎలా వచ్చింది సార్? అదీ ఒకప్పుడు తోటే కదా. మీరు దిగాక తలుపేసేసుకుంటే మాలాంటోళ్లు ఎక్కడికెళ్లాలి? పదేళ్లుగా గాజువాకలో అద్దె కడుతున్నాను. సిటీలో గజం రేటు అడగడానికే ధైర్యం చాలదు. లేఅవుట్ వస్తే మీకూ లైట్లొస్తాయి, మీ స్థలం ధరా పెరుగుతుంది.

రిటైరైన సర్వేయరు:
ఇద్దరూ బ్రోచర్ పట్టుకుని దెబ్బలాడుకుంటున్నారు. పెళ్లయ్యాక విస్తరాకుకున్న విలువ కూడా దానికి లేదు. ఎల్పీ నంబరు, అంటే లేఅవుట్ పర్మిట్ నంబరు, పడిన ప్లాను అడగండి. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌కి, 2016 చట్టం ప్రకారం రెరాలో, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో, రిజిస్ట్రేషన్ కాకుండా ప్రకటన కూడా ఇవ్వకూడదు. టోకెన్ బాబూ, మీ రసీదు మీద రెరా నంబరుందా?

మూడో లైను గారూ, మీ వాదనలో ఒకటి నిలబడదు. అప్రూవ్డ్ లేఅవుట్లో రోడ్లు గిఫ్ట్ డీడు కింద కార్పొరేషన్‌కి రాసిచ్చేస్తారు. ‘మా లైను’ అని గేటు పెట్టడం కుదరదు. అంత ఇరుకు దారి ఇన్ని ప్లాట్లకి చాలుతుందా అని అడగండి, అది నిలబడుతుంది.

గెడ్డకైతే సర్వే నంబరు పట్టుకుని ఎఫ్ఎంబీ, అంటే సర్వే కొలతల పటం, కాపీ తీయించండి. పోరంబోకుగా నమోదైతే అది తోట యజమానిది కాదు, అమ్మే హక్కు ఎవరికీ లేదు. ఇవ్వడానికి నాన్చుతుంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఓపెన్ స్పేస్ కింద వదలాల్సిన పది శాతంలో గెడ్డని కలిపేయడం నా సర్వీసులో చాలాసార్లు చూశాను. నాలుగెకరాలంటే 19,360 గజాలు. పది శాతం 1,936. గెడ్డ తీసేశాక అంత పొడినేల మిగులుతుందా?

కింద లైను:
అందరూ రోడ్డు, రేటు అంటున్నారు. నీళ్ల మాట నేను చెప్తాను, పల్లంలో ఉన్నది మేమే. హుద్‌హుద్ తుఫాను నాడు, 2014 అక్టోబరు 12న, మా రేకులెగిరిపోయాయి గానీ నీళ్లు గడప దాటలేదు. తోటలు తాగేశాయి. ఆ తర్వాత కొండవైపు ఇంకో తోట చదును చేసి సిమెంటు రోడ్లేశారు. ఇప్పుడు మామూలు వాయుగుండానికే వంటింట్లోకి ఎర్రనీళ్లు. గోడ మీద గీత ఇంకా ఉంది, గ్యాస్ సిలిండరు సగానికొస్తాది. రెండుసార్లు సున్నం వేయించినా పోలేదు.

మూడో లైను ఇంటాయన:
రాత్రి మావాడు లెక్కేశాడు. పది సెంటీమీటర్ల వాన పడితే ఎకరా మీద నాలుగు లక్షల లీటర్లు, నాలుగెకరాల మీద పదహారు లక్షలు. పదివేల లీటర్ల ట్యాంకర్లయితే 160. ఇప్పుడు అందులో కొంత నేలలోకి ఇంకుతోంది. సిమెంటు వేస్తే చాలామటుకు కింద లైనుకే. టోకెన్ గారూ, మీరు ఇల్లు కట్టుకోవడం మీద నాకు పేచీ లేదండీ. గెడ్డని వదిలేసి, రెండువైపులా వదలాల్సిన జాగా వదిలి, మిగతాదాంట్లో ప్లాట్లు వేసుకోమనండి.

టోకెన్ ఇచ్చినవాణ్ణి:
రసీదు తీసి చూశాను. రెరా నంబరు లేదు. ఎల్పీ దగ్గర ‘అప్లైడ్’ అని ఉంది. ఇంకో మాట, నాది పార్క్ ఫేసింగ్ అని గజానికి రెండొందలు ఎక్కువ తీసుకున్నారు. సర్వేయరు గారూ, ఎఫ్ఎంబీకి ఎప్పుడెళ్తారో చెప్పండి. సోమవారమైతే సెలవు పెట్టి నేనూ వస్తాను.