192 రకాలు 96 ఎలా అయ్యాయి? క్యాన్సర్ ఉత్పరివర్తనల లెక్కలో నార్మల్ సబ్‌గ్రూప్ ఉందా?

ప్రశ్న: ఎమ్మెస్సీ విద్యార్థి

నమస్కారం. నేను ఎమ్మెస్సీ గణితం రెండో సంవత్సరం చదువుతున్నాను. మా అక్క కణితుల డీఎన్‌ఏను పరిశీలించే ప్రయోగశాలలో పనిచేస్తోంది. మొన్న సెలవులకు వచ్చినప్పుడు ఆమె ల్యాప్‌టాప్‌లో 96 కమ్మీలున్న ఒక చిత్రం చూశాను. డీఎన్‌ఏలోని ఎ, సి, జి, టి అక్షరాల్లో ఒకటి మరొకటిగా మారడం ఒక ఉత్పరివర్తన. అలా మారిన అక్షరాన్ని దాని ఎడమ, కుడి అక్షరాలతో కలిపి చూస్తే 64 మూడక్షరాల మాటలు వస్తాయి. ప్రతి మాటలోనూ నడిమి అక్షరం మూడు విధాలుగా మారగలదు కాబట్టి మొత్తం 192 రకాలు ఉండాలి. అడిగితే, "రెండు పోగుల్లో ఏది చదివినా ఒకటే కదరా, అందుకే సగానికి మడిచేస్తాం" అంది. మడవడం అనగానే నాకు కోషెంట్ సమూహం (ఒక సమూహాన్ని దాని నార్మల్ సబ్‌గ్రూప్‌తో భాగిస్తే వచ్చేది) గుర్తుకొచ్చింది. అయితే పక్కపక్కనున్న రెండు అక్షరాలు ఒకేసారి మారే రకాలు 16×9, అంటే 144 ఉండగా, మడిచిన తరువాత 72కు బదులు 78 అని రాసి ఉంది. అలా భాగిస్తే ఏర్పడే ముక్కలు, అంటే సహసమితులన్నీ ఒకే పరిమాణంలో ఉండాలి కదా! ఇంతకీ వీరు ఏ నార్మల్ సబ్‌గ్రూప్‌తో భాగిస్తున్నారు?

సమాధానం 1: బీజగణితం చెప్పే అధ్యాపకుడు

పరిమాణాలు సమానంగా లేవని మీరే గమనించారు. కాబట్టి అవి సహసమితులు కావు. ఒక ఉత్పరివర్తనను మరొక ఉత్పరివర్తనతో గుణించడానికి అర్థం లేదు గనుక ఆ 192 రకాలు సమూహమే కావు, ఉత్త సమితి. ఆ సమితి మీద రెండే మూలకాలున్న సమూహం ఒకటి పనిచేస్తోంది: ఒకటి తత్సమం (ఏమీ మార్చనిది), రెండవది మాటను వెనక నుంచి చదివి, ఎ ఉన్నచోట టి, సి ఉన్నచోట జి, అలాగే అటుదిటుగా మార్చి రాయడం. మీ అక్కగారు లెక్కిస్తున్నవి ఈ క్రియ కింద ఏర్పడే కక్ష్యలు, అంటే ఒకదాని నుంచి ఒకటి వచ్చే రకాల గుంపులు.

కక్ష్యల సంఖ్యకు బర్న్‌సైడ్ ఉపసిద్ధాంతం ఉంది (ఆయన పేరుతో పిలుస్తున్నాం గాని, ఆయనే దాన్ని ఫ్రొబెనియస్‌కు ఆపాదించాడు). ఒక్కొక్క మూలకం ఎన్నింటిని కదలకుండా ఉంచుతుందో కూడి, సమూహ పరిమాణంతో భాగించాలి. మూడక్షరాల మాటలో నడిమి అక్షరం తప్పనిసరిగా తన జంటగా మారుతుంది కాబట్టి ఏదీ స్థిరంగా ఉండదు: (192+0)/2 = 96. రెండక్షరాల్లో మాత్రం ఎటి, టిఎ, సిజి, జిసి అనే నాలుగూ అవతలి పోగులోనూ అలాగే చదవబడతాయి. వీటిలో ఒకటి మరొకటిగా మారే రకాలు 4×3 = 12, అవి తమకు తామే జంట: (144+12)/2 = 78.

సమాధానం 2: ప్రస్తారణల పిచ్చి

నార్మల్ సబ్‌గ్రూప్, మన తెలుగు మీడియం మాటలో అభిలంబ ఉపసమూహం, ఇక్కడ లేకపోలేదు. ఉన్న చోటు వేరు. నాలుగు అక్షరాల ప్రస్తారణలు 24. వాటిలో ఎ-టి, సి-జి ఇచ్చిపుచ్చుకోవడం ఒకటి. ఎ-జి, సి-టి రెండవది. ఎ-సి, జి-టి మూడవది. తత్సమంతో కలిపితే క్లైన్ సమూహం. అక్షరాల పేర్లు ఎలా మార్చినా ఈ మూడూ తమలో తాము తారుమారవుతాయే తప్ప బయటికి పోవు గనుక అది నార్మల్. కోషెంట్ పరిమాణం 6. డీఎన్‌ఏ అక్షరాల మార్పులకు మొటొ కిమురా 1981లో ప్రతిపాదించిన మూడు రేట్ల నమూనా ఈ మూడు జతల మీదే నిలబడింది.

అయితే తత్సమం, ఎ-టి జతకట్టు, ఈ రెంటినే తీసుకుంటే అది 24 ప్రస్తారణల సమూహంలో నార్మల్ కాదు. టి, జి పేర్లు తారుమారు చేయండి: ఎ-టి జత కాస్తా ఎ-జి జత అయిపోతుంది. 24 పేరు మార్పుల్లో డీఎన్‌ఏ జతలను చెదరనివ్వనివి 8 మాత్రమే.

సమాధానం 3: ప్రయోగశాల నుంచి

మడవడంలో పోయేది కూడా ఉంది. 7,042 కణితుల నుంచి 20కి పైగా ఉత్పరివర్తన ముద్రలను (కలిసి కనిపించే ఉత్పరివర్తనల సరళులను) వేరుచేసిన 2013 నాటి పరిశోధనలో 96 రకాల పద్ధతే ప్రధానం. అయినా పోగుల తేడా చూడాల్సి వచ్చినప్పుడు అందులోనూ 192కు తిరిగి వెళ్లారు.

బూజు పట్టిన వేరుశనగలో ఉండే అఫ్లటాక్సిన్‌ను ఉదాహరణగా తీసుకోండి. కాలేయ క్యాన్సర్‌లో అది టీపీ53 జన్యువు 249వ కోడాన్‌లోని (ఒక అమైనో ఆమ్లాన్ని సూచించే మూడక్షరాల మాటలోని) ఎజిజిని ఎజిటిగా మారుస్తుంది. ప్రొటీన్‌లో ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం స్థానంలో సెరిన్ వస్తుంది. పక్క అక్షరాలతో చూస్తే జిజిసి, జిటిసి అయింది. చిత్రంలో మాత్రం అది జిసిసి, జిఎసి అయినట్లు సి వైపు నమోదవుతుంది. విషం అంటుకున్నది జికి, పేరు పడింది సికి! జన్యువును ఆర్‌ఎన్‌ఏగా నకలు తీసేటప్పుడు అచ్చుగా వాడే పోగు మీది దెబ్బలకు మరమ్మతు త్వరగా జరుగుతుంది కాబట్టి, జన్యువుల లోపల రెండు పోగులూ ఒకటి కావు. అక్కడ సౌష్ఠవం లేదు, మడవకూడదు.

అన్నట్టు, మా దగ్గర "నార్మల్" అంటే రోగి రక్తం నుంచి తీసిన నమూనా. పుట్టుకతో వచ్చిన తేడాలను తీసివేయడానికి కణితిని దానితో పోలుస్తాం. మీ అక్కగారితో మాట్లాడేటప్పుడు ఈ మాట దగ్గర జాగ్రత్త.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. రెండేసి పక్క అక్షరాలతో నేనే వేసి చూశాను: 1,024×3 = 3,072, బేసి పొడవు కాబట్టి స్థిరమైనవి లేవు, సగం 1,536. అక్కకు పంపితే, తాము వాడే వర్గీకరణల్లో ఆ సంఖ్యా ఉందని, కాని అన్ని గడులు నింపడానికి ఒక కణితిలో ఉత్పరివర్తనలు చాలవని జవాబు రాసింది.