అప్‌డేట్: కాబో పొలోనియో వెళ్లొచ్చాను

ఉరుగ్వేలో ఆ కరెంటు లేని బీచ్ ఊరికి బ్యాక్‌ప్యాక్‌తో ఒక్కదాన్నే వెళ్లొచ్చా అని ఇంతకుముందు పోస్టులో మిమ్మల్ని అడిగాను కదా, వెళ్లొచ్చేశాను. రాజధాని మాంటెవీడియో నుంచి వచ్చే బస్సు, ఆ ఊరున్న నేషనల్ పార్కు గేటు దగ్గర దింపేస్తుంది, అక్కణ్ణుంచి రోడ్డే లేదు, ఇసుక దిబ్బల మీదుగా ఓ 7 కిలోమీటర్లు పెద్ద చక్రాల ట్రక్కులో పోవాలి, పైన సీటు దొరికితే మాత్రం వదలకండి. క్యాష్ తీసుకెళ్లమని ఆ పోస్టులో సలహా ఇచ్చినవాళ్లకి థాంక్స్. కరెంటు లైను 1881 నాటి లైట్‌హౌస్‌కే, మిగతా చోట్ల సోలార్, కొవ్వొత్తులు. చార్జింగ్ టెన్షన్ ఉంటే పవర్‌బ్యాంక్ పెట్టుకోండి. శాకాహారులకి సముద్రపు నాచుతో చేసే బునుయెలోస్ ఉన్నాయి, అచ్చం మన పకోడీలే, కారం సున్నా, పిండిలో గుడ్డు కలిపారేమో ముందే అడగండి. లైట్‌హౌస్ పక్క రాళ్ల నిండా సీ లయన్లు (సీల్ లాంటి సముద్ర జంతువులు). ఆ కంపు గురించి ఒక్కరూ చెప్పలేదేంటండీ!