టీచింగ్ ప్రాక్టీస్‌లో చరిత్ర పాఠం: కథ 20 నిమిషాల్లో అయిపోతోంది, మిగతా పీరియడ్‌లో ఏం చేయించాలి?

ప్రశ్న

బీఈడీలో సోషల్ మెథడాలజీ తీసుకున్నాను. వచ్చే వారం నుంచి హైస్కూల్లో టీచింగ్ ప్రాక్టీస్. మొదటి పాఠం కళింగ యుద్ధం, అశోకుడు. పీరియడ్ 45 నిమిషాలు, తరగతిలో 40 మంది. లెసన్ ప్లాన్ రాసి చూస్తే మొత్తం నేను చెప్పే కథే, అదీ 20 నిమిషాల్లో అయిపోతోంది. ప్రాథమిక ఆధారం, అంటే ఆ కాలంలోనే పుట్టిన రాత లాంటిది, వాడమని పర్యవేక్షకులు చెప్పారు. అశోకుడి 13వ శిలాశాసనం తెలుగు అనువాదం దొరికింది కానీ రెండు పేజీలుంది. పిల్లల చేత ఎలా చదివించాలి? ఇంకొకటి, నేను రాసే లక్ష్యాల కింద ప్రతిసారీ ఎర్ర గీత పడుతోంది. ఎందుకో అర్థం కావడం లేదు.

జవాబు

సమయం ఎలా నింపాలన్నది తర్వాత చూద్దాం. మీ ప్లాన్‌లో అంశం ఉంది, ప్రశ్న లేదు. 'కళింగ యుద్ధం' అంటే మీరు చెప్పాలి, వాళ్ళు వినాలి, అంతే. దాన్ని ఇలా మార్చండి: 'కళింగ యుద్ధం తర్వాత అశోకుడిలో ఏం మారింది, ఏం మారలేదు?' ఇప్పుడు పిల్లలకు వెతికే పని దొరికింది. యుద్ధం చూసి రాజు మనసు మారిందన్న ముక్క వాళ్ళకు చిన్న తరగతుల నుంచే తెలుసు. తెలిసిందే మళ్ళీ చెబితే దిక్కులు చూస్తారు. అదెంతవరకు నిజమో శాసనంలోనే తేల్చమంటే కూర్చుని చదువుతారు.

రెండు పేజీలూ ఇవ్వకండి. ఈ ప్రశ్నకు పనికొచ్చే చోట్లు రెండే. మొదటిది అందరికీ తెలిసిన భాగం: పట్టాభిషేకమైన ఎనిమిదేళ్ళకు కళింగను జయించానని, లక్షన్నర మందిని అక్కడి నుంచి తరలించారని, లక్ష మంది హతులయ్యారని, అంతకు ఎన్నో రెట్ల మంది చనిపోయారని, అందుకు బాధపడుతున్నానని రాజు చెప్పుకున్నది. రెండోది చాలామంది టీచర్లు వదిలేసే భాగం: రాజ్యంలోని అటవీ జనాలకు చెప్పిన మాట. పశ్చాత్తాపం ఉన్నా శిక్షించే శక్తి కూడా తనకుందని, దారికి రమ్మని హెచ్చరిక. ఈ రెండూ ఒకే శాసనంలో ఉన్నాయి. ఈ రెండో భాగం లేకపోతే పిల్లలు 'అంతా మారిపోయింది' అని ఒక్క మాటలో తేల్చేస్తారు, మీ ప్రశ్న అక్కడితో చచ్చిపోతుంది.

ఒక్కో భాగం 80 నుంచి 100 మాటలు దాటకుండా చూసుకోండి. అయిదేసి పంక్తులకు అంకె వేయండి. 'ఏడో పంక్తి చూడండి' అంటే 40 మందీ ఒకే చోట చూడగలగాలి. కఠిన పదాలు నాలుగైదింటికి అర్థం పక్కనే ఇవ్వండి, అడుగున ఇస్తే చూడరు. పైన మూడు విషయాలు తప్పక ఉండాలి: ఎవరు చెప్పించారు, ఎప్పుడు, ఎక్కడ చెక్కారు. ఇది ప్రాకృతానికి అనువాదమనీ, మీరు కుదించారనీ రాయండి. కుదించేటప్పుడు శాసనంలో లేని విశేషణాలు చేర్చొద్దు. 'రక్తపుటేరులు', 'కన్నీటి కళింగ' లాంటివి చేర్చారంటే అది మీ రచన అవుతుంది, ఆధారం కాదు.

కాగితం ఇద్దరికి ఒకటి చాలు. మనిషికొకటి ఇస్తే ఎవరికి వాళ్ళు మౌనంగా చదువుకుంటారు, మాట పుట్టదు.

సమయం ఇలా పంచుకోండి. మొదటి 5 నిమిషాల్లో ప్రశ్న బోర్డు మీద పెట్టి, వాళ్ళకు ఇప్పటికే తెలిసింది ఒక్క వాక్యంలో చెప్పించండి. తర్వాత 12 నిమిషాలు మొదటి భాగం జంటల్లో చదవడం, మారినట్టు చెప్పే మాటల కింద గీత గీయడం. 10 నిమిషాలు చర్చ. ఆ తర్వాతే రెండో భాగం కాగితం ఇవ్వండి, దానికి 8 నిమిషాలు. 7 నిమిషాలు ఎవరి జవాబు వాళ్ళు రాయాలి. చివరి 3 నిమిషాలు కాగితాలు తీసుకోవడానికి. రెండు భాగాలూ ఒకేసారి పంచితే ముందు రెండోదాన్ని చదివేస్తారు. మొదట ఒక నిర్ణయానికి వచ్చి, కొత్త ఆధారం చూసి దాన్ని సవరించుకోవడంలోనే ఈ పాఠం ప్రాణం ఉంది. ఆ అవకాశం పోగొట్టుకోకండి.

బోర్డుకు ఎడమవైపు 'మారింది', కుడివైపు 'మారలేదు'. కింద ఒక అడుగు జాగా ఖాళీగా ఉంచి 'శాసనం చెప్పనిది' అని రాయండి. కళింగ ప్రజలు ఏమనుకున్నారో ఈ శాసనంలో లేదు, మాట్లాడుతున్నది గెలిచిన రాజు. పిల్లలే అది పట్టుకుంటారు, తొందరపడి మీరు చెప్పకండి.

జవాబు

పైన చెప్పినదానికి ఒకటి కలుపుతాను. చివరి పది నిమిషాల్లో వాడదగిన బలమైన ఆధారం ఇంకోటి ఉంది. కళింగ నేల మీద ధౌళి, జౌగడ అనే రెండు చోట్ల అశోకుడి శిలాశాసనాలున్నాయి. కానీ అక్కడ పద్నాలుగు శాసనాల వరుసలోని 11, 12, 13 శాసనాలు చెక్కలేదు. వాటి బదులు రెండు ప్రత్యేక శాసనాలు కనిపిస్తాయి. అవి కళింగలోని తోసలి, సమాపా పట్టణాల అధికారులకు ఇచ్చిన ఆదేశాలు. ప్రజలంతా నా బిడ్డలు అన్న మాట వాటిలోదే. అంటే యుద్ధం గురించి పశ్చాత్తాపపడిన శాసనం యుద్ధం జరిగిన చోట లేదు.

ఎందుకు లేదో శాసనాల్లో ఎక్కడా రాసి లేదు. అందుకని 'ఎందుకంటే' అని మీరే తీర్పు చెప్పకండి. 'కారణం ఏమై ఉండొచ్చు? మీ ఊహకు ఆధారమేంటి?' అని అడగండి. పైగా కళింగ అధికారులకు ఆదేశాలిస్తున్నాడంటే కళింగ ఇంకా అతని ఏలుబడిలోనే ఉందని పిల్లలకు తెలుస్తుంది. 'మారలేదు' కింద రాయదగ్గ గట్టి వాక్యం అదే.

తేదీల దగ్గర జాగ్రత్త. శాసనంలో 'పట్టాభిషేకమైన ఎనిమిదేళ్ళకు' అని మాత్రమే ఉంది, క్రీ.పూ. లెక్క అందులో ఉండదు కదా. ఈ లెక్క ఎలా వచ్చిందని చురుకైన పిల్లవాడు ఒకడైనా అడుగుతాడు. అదే శాసనంలో అయిదుగురు గ్రీకు రాజుల పేర్లున్నాయి: అంతియోక, తురమయ, అంతికిని, మక, అలికసుందర. వాళ్ళ పాలనా కాలాలు వేరే ఆధారాల వల్ల తెలుసు కాబట్టి అశోకుడి కాలం కట్టగలిగారు. యుద్ధం క్రీ.పూ. 261 ప్రాంతంలో అంటున్నది అలా వచ్చిందే. 'ప్రాంతంలో' అన్న మాట బోర్డు మీద కూడా రాయండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలండి. ప్లాన్ తిరగరాస్తున్నాను. చర్చకు 10 నిమిషాలన్నారు. ప్రశ్న వేస్తే ముందు బెంచీలో ముగ్గురు తప్ప ఎవరూ నోరు విప్పకపోతే? లక్ష్యాల సంగతి కూడా చెప్పండి.

జవాబు

ప్రశ్న వేశాక ఎంతసేపు ఆగుతున్నారో గమనించండి. కొత్త టీచర్లు సాధారణంగా ఒక్క సెకను కూడా ఆగరు, జవాబు తామే చెప్పేస్తారు. కనీసం మూడు సెకన్లు, ఆలోచించాల్సిన ప్రశ్నకు ఇంకా ఎక్కువ ఆగండి. మనసులో అయిదు దాకా లెక్కపెట్టుకోండి. ఆ మౌనం మీకు యుగంలా అనిపిస్తుంది, పిల్లలకు అనిపించదు.

జంటలో మాట్లాడుకోవడానికి ఒక నిమిషం ఇచ్చి ఆ తర్వాత అడగండి. అప్పుడు 'నీ జవాబేంటి?' అనొద్దు, 'మీ ఇద్దరూ ఏమనుకున్నారు?' అనండి. తప్పయినా ఒక్కరి మీద పడదు కాబట్టి వెనక బెంచీ కూడా మాట్లాడుతుంది. పేరు పిలిచి ప్రశ్న వేయకండి, ప్రశ్న వేసి, ఆగి, అప్పుడు పేరు పిలవండి. పేరు ముందు పిలిస్తే మిగతా 39 మంది ఆలోచించడం మానేస్తారు.

ప్రశ్నల వరుస కూడా ముఖ్యమే. మొదట కాగితంలో వేలు పెట్టి చూపగలిగినవి: ఎంతమందిని తరలించారు? ఏ పంక్తిలో ఉంది? ఆ తర్వాత: ఈ అంకెలు ఎవరు చెబుతున్నారు? లక్ష, లక్షన్నర అని ఉజ్జాయింపు అంకెలే ఎందుకున్నాయి? చివరికి: ఓడినవాళ్ళు శాసనం రాయించి ఉంటే ఏ వాక్యం మారేది? మూడోదానితో మొదలుపెడితే తరగతి బిగుసుకుపోతుంది.

ఇక లక్ష్యాలు. 'విద్యార్థులు కళింగ యుద్ధం గురించి తెలుసుకుంటారు' అని రాసి ఉంటారు. తెలుసుకున్నారో లేదో ఎలా చూస్తారు? కనపడే పని రాయండి. 'శాసన భాగంలో రాజు బాధను తెలిపే రెండు వాక్యాలను గుర్తించి గీత గీస్తారు.' 'మారింది, మారలేదు అన్న రెండింటికీ ఒక్కో ఆధారం చూపుతూ మూడు వాక్యాలు రాస్తారు.' ఒక పీరియడ్‌కు ఇలాంటివి రెండు, మహా అయితే మూడు. జ్ఞానం, అవగాహన, వినియోగం, నైపుణ్యం అని నాలుగు శీర్షికల కిందా తలా రెండు నింపితే ఎనిమిదవుతాయి, 45 నిమిషాల్లో ఒక్కటీ పూర్తికాదు. రాసిన ప్రతి లక్ష్యానికీ మూల్యాంకనంలో ఒక ప్రశ్న ఉందో లేదో వేలితో కలిపి చూసుకోండి. ఎర్ర గీత ఎక్కువగా పడేది అక్కడే.

జవాబు

ఇవన్నీ బాగున్నాయి కానీ మరీ కాగితం పాఠం అయిపోతోంది. నాటకీకరణ పెట్టండి. ఒకరు అశోకుడు, ఒకరు కళింగ సైనికుడు. లేదా 'కళింగ తల్లి రాసిన ఉత్తరం' అని రాయించండి. పిల్లలు బాగా లీనమవుతారు.

జవాబు

లీనమవుతారు, కాదనను. కానీ కళింగ తల్లి గురించి పిల్లల చేతిలో ఒక్క ఆధారం కూడా లేదు. ఏం రాసినా సినిమాలో చూసిందే రాస్తారు, దానికి మార్కులెలా వేస్తారు? తప్పొప్పులు చెప్పే వీలే ఉండదు. యుద్ధం, చంపడం, తరలించడం నటింపజేస్తే నవ్వులాట కూడా అవుతుంది. లక్ష చావుల మీద తరగతి నవ్వితే ఆ పీరియడ్ తిరిగి చేతికి రాదు. నటన పెట్టాలనుకుంటే ఆధారం ఉన్న పాత్రతో పెట్టండి: తోసలి అధికారికి రాజాదేశం అందింది, రేపటి నుంచి అతను ఏం మార్చుకోవాలి? దానికి ప్రత్యేక శాసనంలోనే జవాబులున్నాయి, కారణం లేకుండా జైల్లో పెట్టడం, హింసించడం జరగకూడదని అందులో ఉంది. అయితే మొదటి పాఠానికే వద్దు. పిల్లల పేర్లు తెలిశాక పెట్టుకోండి.

మరో ప్రశ్న

నాదీ సోషలే, కానీ డిగ్రీ చరిత్ర. కాలరేఖ, పటం స్కేలు రెండూ చెప్పాలి. ఈ రెంటిలో పిల్లలు ఎక్కడ తప్పుతారో ముందే తెలిస్తే సిద్ధపడతాను.

జవాబు

కాలరేఖలో తప్పే చోట్లు మూడు. ఒకటి, క్రీ.పూ. అంకెలు తగ్గుతూ ముందుకొస్తాయి. క్రీ.పూ. 300 ముందు, క్రీ.పూ. 200 తర్వాత. రెండు, సున్నా సంవత్సరం లేదు. క్రీ.పూ. 1 తర్వాత వెంటనే క్రీ.శ. 1. కాబట్టి క్రీ.పూ. 5 నుంచి క్రీ.శ. 5కు తొమ్మిదేళ్ళే, పది కాదు. మూడు, శతాబ్దం పేరు. 1757 పద్దెనిమిదో శతాబ్దం, క్రీ.పూ. 261 మూడో శతాబ్దం.

బోర్డు మీద గీసే కాలరేఖలు స్కేలు లేకుండా ఉంటాయి, అశోకుడికి ప్లాసీ యుద్ధానికి (1757) మధ్య జానెడు, ప్లాసీకి 1857కు మధ్య కూడా జానెడే. అది చూసి పిల్లలు అన్నీ పక్కపక్కనే జరిగాయనుకుంటారు. ఒక తాడు తీసుకోండి, వెయ్యేళ్ళకు ఒక మీటరు, అంటే పదేళ్ళకు ఒక సెంటీమీటరు. అశోకుడి నుంచి ప్లాసీకి రెండు మీటర్లు దాటుతుంది, ప్లాసీ నుంచి 1857కు పది సెంటీమీటర్లు. ఇద్దరు పిల్లలు తాడు పట్టుకుంటే చాలు, వివరణ అక్కర్లేదు.

స్కేలు దగ్గర ఒక ప్రమాదం ఉంది. 1:50,000 పటంలో 1 సెంటీమీటరుకు 500 మీటర్లు. వెనక వాళ్ళకు కనపడాలని దాన్ని ఏ4 నుంచి ఏ3కి జిరాక్స్‌లో పెంచుతారు. పొడవులు 1.41 రెట్లు అవుతాయి, అడుగున మాత్రం ఇంకా 1:50,000 అనే ఉంటుంది. అసలు స్కేలు ఇప్పుడు సుమారు 1:35,000. పిల్లలు దారులు కొలిస్తే అన్నీ తప్పులే వస్తాయి, తప్పు వాళ్ళది కాదు. గీత రూపంలో ఉన్న స్కేలు పటంతో పాటే పెరుగుతుంది కాబట్టి అదే వాడండి, అంకెల స్కేలును కొట్టేయండి.

'పెద్ద స్కేలు' అన్న మాటకు తిరగబడి అర్థం చేసుకుంటారు. 1:10,000 పెద్దది, 1:10,00,000 చిన్నది. పదివేలలో ఒక వంతు, పది లక్షల్లో ఒక వంతు, ఏ ముక్క పెద్దదని అడగండి, లెక్కల పీరియడ్‌లో నేర్చుకున్నదే కాబట్టి అందుతుంది. ప్రపంచ పటం ఎంచుకునేటప్పుడు ధ్రువాల వైపు ప్రాంతాలను పెద్దవి చేసి చూపే మెర్కేటర్ పటంతో వైశాల్యాలు పోల్చించకండి. అందులో గ్రీన్‌లాండ్ ఇంచుమించు ఆఫ్రికా అంత కనపడుతుంది. నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు. వైశాల్యం పోల్చాలంటే గ్లోబు చేత్తో పట్టుకోవాల్సిందే.

ప్రశ్న అడిగినవారు

ఆఖరి సందేహం. పిల్లలు రాసిన 40 కాగితాలు మర్నాటి పాఠానికి ముందే దిద్దాలా?

జవాబు

మార్కులు వేయనక్కర్లేదు. బల్ల మీద మూడు కుప్పలు చేయండి. అభిప్రాయం మాత్రమే రాసినవి ఒకటి. అభిప్రాయంతో పాటు శాసనంలోని మాట చూపినవి రెండు. ఆ మాట ఎవరిదో, అందుకని ఎంతవరకు నమ్మొచ్చో కూడా రాసినవి మూడు. పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. మొదటి కుప్పే పెద్దదైతే మర్నాడు కొత్త పాఠంలోకి వెళ్ళకండి. మూడో కుప్పలోంచి ఒక కాగితం పేరు చెప్పకుండా బోర్డు మీద రాసి, ఇందులో శాసనం మాటలేవో, రాసిన పిల్లల మాటలేవో రెండు రంగుల్లో గీత గీయించండి. అయిదు నిమిషాల పని. పర్యవేక్షకులు వచ్చే రోజున ఆ మూడు కుప్పల లెక్క లెసన్ ప్లాన్ వెనక పేజీలో రాసి పెట్టుకోండి, రెండో పాఠం ఎందుకలా మొదలుపెట్టారని అడిగితే చూపించొచ్చు.