అప్‌డేట్: నాన్న మోటార్‌సైకిల్ ఆస్ట్రేలియాకి తెచ్చుకోవడానికి అనుమతి వచ్చింది

నాన్న 1994 బండిని ఆస్ట్రేలియాకి తెచ్చుకోవచ్చా, 12 నెలలు నేనే వాడి ఉండాలంటున్నారు, నిజమేనా అని అప్పట్లో అడిగాను. ఓపిగ్గా జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

ఆ 12 నెలల నిబంధన నిజమే, కానీ అది వ్యక్తిగత దిగుమతి దారిలో. తయారై 25 ఏళ్లు దాటిన బండికి వేరే దారి ఉంది. అనుమతి ఇచ్చేది ఆస్ట్రేలియా కేంద్ర ప్రభుత్వ రవాణా, మౌలిక వసతుల శాఖ. 2021 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం కింద 'రోవర్' అనే పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. ఒక్కటి మాత్రం మర్చిపోకండి: అనుమతి చేతికొచ్చాకే బండి ఓడ ఎక్కాలి.

తయారీ తేదీకి రుజువు కావాలి. పాత ఆర్‌సీ పుస్తకంలో అక్షరాలు చెరిగిపోయాయి. తమ్ముడు ఛాసిస్ మీద గట్టిపడిన గ్రీజును కిరోసిన్ గుడ్డతో తుడిచి, నంబరు ఫొటో తీసి పంపాడు. నాన్న రోజూ తుడిచిన బండి అది. ఆ ఫొటో చూస్తూ చాలాసేపు కూర్చుండిపోయాను.

ఇప్పుడు మిగిలిన టెన్షన్ ఆస్‌బెస్టాస్ (వేడిని తట్టుకునే పీచు లాంటి ఖనిజం, ఆరోగ్యానికి హానికరం). 2003 చివరి నుంచి ఇక్కడ పూర్తి నిషేధం. పాత బ్రేక్ షూలు, గాస్కెట్లలో అది ఉండొచ్చు కాబట్టి అన్నీ మార్పిస్తున్నాం. చక్రాల సందుల్లో మట్టి కూడా ఉండకూడదు. రిజిస్ట్రేషన్ మాత్రం రాష్ట్రం పని, బండి దిగాక చూసుకోవాలి.