గర్భిణులకి వీల్‌చైర్ పార్కింగ్ పాస్ ఎక్కడ ఇస్తారు? సచివాలయంలో ఎవరికీ తెలీట్లేదు

నాగావళి గట్టు:
అందరికీ నమస్కారం. పొద్దున్నుంచి ఫోన్లు చేసీ సైట్లు వెతికీ బుర్ర పనిచేయట్లేదు. మా ఆవిడ ప్రెగ్నెంట్. శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆస్పత్రికి చెకప్‌కి వెళ్తే గేటు పక్కన వీల్‌చైర్ బొమ్మ వేసిన చోటు ఖాళీగానే ఉందట, అక్కడ కారు పెట్టబోతే సెక్యూరిటీ ఆయన కార్డుందా అని అడిగి, లేదంటే వెనకాల ఖాళీ స్థలంలోకి పొమ్మన్నాడట. అక్కణ్ణుంచి ఎండలో కంకర మీద నడుచుకుని లోపలికి వచ్చేసరికి మనిషి కూలబడిపోయింది. ఆ కార్డేదో తీసీసుకుందామని సచివాలయంలో అడిగిస్తే సదరం (వైకల్యం సర్టిఫికెట్) స్లాట్ బుక్ చెయ్యమన్నారు, మీసేవలో మాకు తెలీదన్నారు, వికలాంగుల కార్డుకి అప్లై చేసే స్వావలంబన్ సైటులో చూస్తే గర్భిణి అన్న ఆప్షనే లేదు. ఆర్టీవో ఆఫీసుకి వెళ్ళాలా? ఏ ఫారం? డాక్టరు లెటర్ కూడా ఉంది. వచ్చే వారం మళ్ళీ చెకప్, తెలిసినోళ్ళు చెప్పండి ప్లీజ్.

ఫైలు మనిషి:
రాదు. సదరంలో గర్భం లేదు. స్లాట్ బుక్ చేసి డబ్బులు, రోజు పాడుచేసుకోకండి.

నాగావళి గట్టు:
వికలాంగుల పెన్షన్ అడగట్లేదండి నేను. పార్కింగ్ పాస్ ఒక్కటే.

ఫైలు మనిషి:
అదీ లేదు. మన దగ్గర వేరేగా పార్కింగ్ పాస్ అని ఇచ్చే ఆఫీసు లేదు. సదరం సర్టిఫికెట్టో యూడీఐడీ కార్డో (వికలాంగుల గుర్తింపు కార్డు) చూపిస్తే పెట్టనిస్తారు, అంతే.

ఆమదాలవలస పాసింజర్:
తమ్ముడూ దీనికి ఇంత తిరుగుడెందుకు, పోర్టికో దగ్గర ఆవిణ్ణి దింపీసి నువ్వెళ్ళి వెనకాల కారు పెట్టుకుని రా. అయిపోద్ది. రైల్లో అయితే గర్భిణులకి లోయర్ బెర్త్ కోటా ఉంది, టికెట్ తీసినప్పుడు అడగాల, చాలామందికి తెలీదు, మా కోడల్ని హైదరాబాద్ నుంచి అలాగే తీసుకొచ్చేం. అయినా మా అమ్మా వాళ్ళు ఊడ్పులకెళ్ళి సాయంత్రం ఇంటికొచ్చి కనేసినోళ్ళు, ఇప్పుడు గేటు నుంచి లోపలికి నడవడానికి కార్డు కావాలంటే ఏటనాల.

బొబ్బిలి అమ్మాయి:
ఊడ్పులకెళ్ళి కన్న వాళ్ళలో ఎంతమంది బతికేరో కూడా చెప్పండి పెదనాన్నా. మా అమ్మమ్మకి తోడికోడలు అలాగే పోయింది, ఆ మాట ఇంట్లో ఇప్పటికీ ఎవరూ గట్టిగా అనరు. చేసేరు కాబట్టి చెయ్యొచ్చు అనకండి, వేరే దారి లేక చేసేరు. నాకు ఏడో నెల నుంచి తుంటి ఎముకల దగ్గర నొప్పి, మంచం మీద ఒత్తిగిలాలంటే కళ్ళలో నీళ్ళొచ్చీవి, మెట్టెక్కాలంటే గోడ పట్టుకోవాలి. బయటికి చూస్తే మనిషి బాగానే ఉంది అంటారు. ఇలాంటి వాళ్ళకి ఆ కొద్ది నెలలకి కార్డు ఇస్తే ఎవరి సొమ్ము పోద్ది?

మాజీ స్టాఫ్ నర్స్:
బాబూ, ముందు ఎన్నో నెలో చెప్పు. డాక్టరు లెటర్‌లో ఏం రాసేరు? మాయ (మావి) కిందకుందని రాసేరా, బీపీ అని రాసేరా, అది చెప్పకుండా కార్డు కార్డు అంటే ఎలాగ. కారులో వెళ్తున్నారు కదా, సీటు బెల్టు పెడుతున్నారా? మన వైపు గర్భిణులు బెల్టు పొట్టకి నొక్కుతాదని తీసేస్తారు, అది చాలా ప్రమాదం. కింది పట్టీ పొట్ట మీంచి కాదు, పొట్ట కిందనుంచి తొడల పైన, తుంటి ఎముకలకి ఆనేలా రావాలి. పై పట్టీ రెండు రొమ్ముల మధ్యనుంచి పొట్ట పక్కకి దిగాలి. సీటు కాస్త వెనక్కి జరుపుకోవాలి, స్టీరింగ్‌కీ పొట్టకీ మధ్య ఖాళీ ఉండాలి. బస్సులైనా ఆటోలైనా స్పీడ్ బ్రేకర్ల దగ్గర నెమ్మదిగా పొమ్మని చెప్పడానికి మొహమాటపడొద్దు. ప్రతి నెలా 9వ తారీఖున ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భిణులకి ఫ్రీగా చూస్తారు, ప్రైవేటులో చూపించుకుంటున్నా ఒకసారి అక్కడ కూడా చూపించండి. రక్తం ఎంతుందో అడగండి.

నాగావళి గట్టు:
ఎనిమిదో నెల మేడం. బొబ్బిలి అమ్మాయి గారు చెప్పిన నొప్పే. ఎక్కువ నడవొద్దు, మెట్లెక్కొద్దు అని రాసేరు. దింపీసి పార్క్ చెయ్యమంటున్నారు గాని ఆవిడే నడుపుకుంటాది, నేను ఒంగోల్లో ఉద్యోగం, నెలకి ఒకసారి వస్తాను. అత్తగారికి మోకాళ్ళు, ఆవిడ రాలేరు.

ఆమదాలవలస పాసింజర్:
ఎనిమిదో నెల్లో ఒక్కర్తే కారు నడుపుకుని వస్తోందా?? ఈ ముక్క ముందే చెప్పాలి కదయ్యా. ఆటో మాట్లాడు.

కంటోన్మెంట్ కుర్రాడు:
విజయనగరం నుంచి. అమెరికాలో ఇస్తున్నారు అన్నా. మా కజిన్ ఫ్లోరిడాలో ఉంటాది, అక్కడ 2025 జులై 1 నుంచి గర్భిణులకని వేరే పర్మిట్ పెట్టేరు, డాక్టరు సంతకం ఉంటే చాలు, ఏడాది దాకా నడుస్తాది, వికలాంగుల చోట్లో పెట్టుకోవచ్చు. అక్కడ అయ్యింది ఇక్కడెందుకు అవ్వదు? కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టండి.

చేతి బ్రేకు:
ఫ్లోరిడాలో దాని మీద వికలాంగుల సంఘాల వాళ్ళు ఎంత గొడవ పడుతున్నారో కూడా చూడు తమ్ముడూ. బ్రిటన్‌లో వికలాంగుల పార్కింగ్‌కి బ్లూ బ్యాడ్జ్ అని కార్డు ఉంది, అక్కడ ఒట్టి గర్భానికి ఇవ్వరు.

నేను వీల్‌చైర్ మనిషిని, చేత్తో నడిపే బ్రేకు యాక్సిలరేటర్ పెట్టించుకున్న కారు నాది. ఆ బొమ్మ ఉన్న చోటు గేటుకి దగ్గరగా ఉంది అని మీరంతా చూస్తున్నారు, నాకు కావలసింది దగ్గర ఒక్కటే కాదు, వెడల్పు. నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో ఆ చోటు 3.6 మీటర్ల వెడల్పు ఉండాలని ఎందుకు రాసేరు? కారు డోరు పూర్తిగా తెరిచి, పక్కన కుర్చీ వేసుకుని, చేతుల మీద ఒళ్ళు జరుపుకుని అందులోకి దిగాలి నేను. మామూలు చోట్లో పెడితే పక్క కారు వచ్చి ఆనుకుంటే తిరిగి నా కారు నేనే ఎక్కలేను, ఎవరో వచ్చి బయటికి తీసి ఇచ్చేదాకా ఎండలో కూర్చోవాలి. శ్రీకాకుళం విజయనగరం రెండూ కలిపి చూసినా సరిగ్గా గీత గీసిన చోట్లు చాలా తక్కువ, అందులో సగం స్కూటీలు, జనరేటర్లు. ఉన్న ఆ ఒక్కటి ఒక తల్లి పెట్టుకుంటే నాకు కోపం రాదు, కానీ నేను ఇంటికి తిరిగెళ్ళిపోవాలి. ఆవిడకి వెడల్పు అక్కర్లేదు, దగ్గర కావాలి. ఆస్పత్రి వాళ్ళని అది అడగండి. ప్రసూతి ఆస్పత్రిలో గర్భిణికి గేటు పక్కన చోటు లేకపోవడం ఏటి? డాక్టర్ల కార్లు ఎక్కడ పెడుతున్నారో చూడండి ఒకసారి.

బొబ్బిలి అమ్మాయి:
డాక్టర్ల కార్ల మాట నిజం. కానీ అన్నా, ఆ చోటు రోజంతా ఖాళీగా ఉండి ఈవిడ కంకర మీద నడవడం కూడా అన్యాయమే కదా. టెంపరరీ సర్టిఫికెట్ అని ఉంటాది కదా సదరంలో, అది ఇవ్వొచ్చు కదా.

చేతి బ్రేకు:
అన్యాయమే అమ్మా, కాదనను. ఖాళీగా ఉందనిపించినప్పుడే నేను దారిలో ఉంటాను, అదే నా బాధ.

ఫైలు మనిషి:
టెంపరరీ అంటే కొన్నాళ్ళకి మారే అవకాశం ఉన్న వైకల్యం, మళ్ళీ బోర్డు చూస్తాది. వైకల్యమే కానిదానికి టెంపరరీ కూడా ఉండదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి, గర్భం లేదు. పైగా దీర్ఘకాలం అన్న మాట ఉంది.

బొబ్బిలి అమ్మాయి:
నడవలేకపోతే నడవలేనట్టే కదా, తొమ్మిది నెలలైతే ఏటి తొంభై ఏళ్ళైతే ఏటి.

ఫైలు మనిషి:
చట్టం అలా అనదు.

మాజీ స్టాఫ్ నర్స్:
మీరు చట్టం దగ్గర కొట్టుకోకండి, ఆ పిల్ల సంగతి చూడండి. బాబూ, ఈ నొప్పికి ఒక బెల్టు ఉంటాది, తుంటి చుట్టూ కట్టుకునేది, డాక్టర్ని అడిగి వాడమను. కారు ఎక్కేటప్పుడు దిగేటప్పుడు ఒక కాలు తర్వాత ఒక కాలు పెట్టకూడదు, ముందు సీటు మీద కూర్చుని రెండు మోకాళ్ళూ దగ్గరగా పెట్టి ఒకేసారి తిప్పుకోవాలి. అంత నొప్పిలో బ్రేకు గట్టిగా తొక్కగలదా అన్నది ఆలోచించండి. డాక్టరు నడపొద్దంటే నడపొద్దు, మొండితనం వద్దు. ఒకవేళ నొప్పి వేరేలా ఉన్నా, రక్తం కనపడినా, నీరు పోయినా, కారు తాళం ముట్టుకోకుండా 108కి ఫోన్ చెయ్యాల.

కంటోన్మెంట్ కుర్రాడు:
వచ్చే వారం చెకప్‌కి ముందే ఆస్పత్రి రిసెప్షన్‌కి ఫోన్ చేసి, ఫలానా టైముకి వస్తోంది, గేటు దగ్గర ఎవరైనా కారు తీసుకుని పార్క్ చేస్తారా, కుర్చీ రెడీగా పెడతారా అని అడగండి అన్నా. మా వదినకి ఇక్కడ ఒక ఆస్పత్రిలో అలాగే చేసేరు, అడిగితే చేసేరు, అడక్కపోతే ఎవరూ చెప్పలేదు.

చేతి బ్రేకు:
ఇది మంచి మాట. ఫోన్‌తో పాటు కాగితం మీద రాసి కూడా ఇవ్వండి, డాక్టరు లెటర్ జెరాక్స్ జతచేసి. గర్భిణులకి గేటు దగ్గర రెండు మామూలు చోట్లు వేరే రంగుతో గియ్యమని. నేను కూడా సంతకం పెడతాను, నిజంగా అంటున్నాను.

ఆమదాలవలస పాసింజర్:
తోడుకి మనిషి కావాలంటే చెప్పు తమ్ముడూ, మా కోడలు డే అండ్ నైట్ జంక్షన్ దగ్గరే ఉంటాది, చెకప్ రోజు కూడా వెళ్తాది. మెసేజ్ పెట్టు.

నాగావళి గట్టు:
సరే అండి. ఫోన్ చేసేను, కుర్చీ పంపిస్తామన్నారు, కారు సంగతి మేనేజర్ని అడిగి చెప్తామన్నారు. పాసింజర్ అన్నా, మీకు మెసేజ్ పెట్టేను. థాంక్స్.

వంశధార వొడ్డు:
ఇదే థ్రెడ్‌లో అడుగుతున్నాను ఏమనుకోకండి, మా నాన్నగారికి సదరం 70 శాతం ఉంది, మామూలు కారే, మార్పులేం చెయ్యలేదు, మడపాం టోల్‌లో ఆ సర్టిఫికెట్ చూపిస్తే వదుల్తారా?

ఫైలు మనిషి:
కారు ఆర్సీ ఎవరి పేరున ఉంది?