మేం పక్కా చిత్తూరు వాళ్లం, చెల్లికి నాన్‌లోకల్ అని చూపిస్తోంది, ఎలా మార్చాలి?

గుడిపాల కుర్రోడు:
అన్నలకు, అక్కలకు నమస్కారం. పొద్దున్నుంచి సిస్టమ్ ముందే కూర్చున్నాను, అన్నం కూడా ఇక్కడే తిన్నాను. మా చెల్లి ఈఏపీసెట్ (ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష) రాసింది. ర్యాంకు పర్వాలేదు. తిరుపతిలో ఎస్వీయూ (శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ) ఇంజనీరింగ్ కాలేజీలో చేరాలని దానికి ఎప్పటి నుంచో ఆశ. ప్రైవేటు కాలేజీ ఫీజులు మా వల్ల కావు. సర్టిఫికెట్ల వెరిఫికేషన్ అయిపోయింది కదా అని లాగిన్ అయి చూస్తే, లోకల్ ఏరియా అన్నచోట ఎన్ఎల్, అంటే నాన్‌లోకల్ అని ఉంది! అప్లికేషన్‌లో మేము ఎస్వీయూ ప్రాంతం అనే పెట్టాం. తాతల కాలం నుంచి గుడిపాలలోనే ఉన్నాం. రేషన్ కార్డు, ఆధార్, అమ్మానాన్నల ఓటరు కార్డులు, అన్నీ ఇదే అడ్రస్. బ్రౌజర్ మార్చి చూశాను, ఫోన్‌లో చూశాను, మళ్లీ అదే. వెబ్ ఆప్షన్ల (కాలేజీల ఎంపిక) గడువు దగ్గర పడుతోంది, ఇంట్లో అందరికీ టెన్షన్. ఇది సైట్‌లో తప్పా? ఎవరిని అడగాలి? తెలిసినవాళ్లు త్వరగా చెప్పండి ప్లీజ్.

పాకాల జంక్షన్:
ఎక్కడ చదివింది?

గుడిపాల కుర్రోడు:
చెప్పాను కదన్నా, చిత్తూరే. ఇంటర్ ఎంపీసీ, చిత్తూరు టౌన్‌లో.

పాకాల జంక్షన్:
ఆరు నుంచి పది?

పలమనేరు మాస్టారు:
బాబూ, ఈ లోకల్, నాన్‌లోకల్ ఎక్కడి నుంచి వచ్చిందో మీ తరానికి ఎవరూ చెప్పలేదు, అందుకే ఈ గందరగోళం. ముల్కీ నిబంధనల (హైదరాబాద్ ప్రాంతంలో ఉద్యోగాలు స్థానికులకే అన్న నియమాల) గొడవ, ఆ తర్వాత 1972లో జై ఆంధ్ర ఉద్యమం. దాన్ని చల్లార్చడానికి 1973 సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం వచ్చింది. దానికోసం రాజ్యాంగానికి 32వ సవరణ చేసి 371-డి అధికరణం చేర్చారు. దాని కింద 1974లో విద్యాసంస్థల ప్రవేశాలపై రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. రాష్ట్రాన్ని మూడు ప్రాంతాలుగా చేశారు: ఆంధ్రా యూనివర్సిటీ, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర. 85 శాతం సీట్లు ఆ ప్రాంతం వాళ్లకు, మిగతా 15 శాతం ఎవరికీ ప్రత్యేకించనివి. హైదరాబాద్‌లో సెంట్రల్ యూనివర్సిటీ కూడా ఆ సవరణతో పెట్టిన 371-ఇ చలవే. 2014 విభజన చట్టం 95వ సెక్షన్ రెండు రాష్ట్రాలకూ కలిపి ఈ కోటాలను ఇంకో పదేళ్లు ఉంచింది, ఆ ఉమ్మడి గడువు 2024 జూన్ 2తో ముగిసింది, మన రాష్ట్రంలో లోకల్ లెక్క మాత్రం ఇంకా ఉంది. ఇదంతా తెలిస్తే సగం సందేహాలు వాటంతట అవే తీరిపోతాయి.

గుడిపాల కుర్రోడు:
సర్, చాలా థ్యాంక్స్, కానీ నా లాగిన్‌లో ఎన్ఎల్ తీసేయడం ఎలా?

క్యాంపస్ సీనియర్:
తమ్ముడూ, నీ ప్రశ్నకు జవాబు పక్కన పెట్టు. క్యాంపస్‌లోనే చేరాలి అన్నావు కదా, అందులో ఏముందో చెల్లికి తెలుసా? నేను వేరే జిల్లాలో ఒక ప్రభుత్వ యూనివర్సిటీ క్యాంపస్‌లో బీటెక్ చేశాను, పేరు ఎందుకులే. ఐఐటీ కాదు, అలాగని ఊరి బయట ఐదంతస్తుల ప్రైవేటు కాలేజీ కూడా కాదు. ఈ రెండింటి మధ్యలో ఉండే చదువు వేరు. ప్రైవేటులో పిల్లవాడు రాకపోతే ఇంటికి మెసేజ్ పోతుంది. మా దగ్గర నువ్వు సెమిస్టర్ మొత్తం కనబడకపోయినా హాజరు తగ్గిందని నోటీసు బోర్డులో నంబరు పడేదాకా ఎవరూ అడగరు. పెద్ద ప్రొఫెసర్లు ఉంటారు, కొందరు నిజంగా గొప్పవాళ్లు, కానీ ఖాళీలు కూడా ఉంటాయి. కొన్ని పేపర్లు గెస్టు లెక్చరర్లే చెబుతారు. ల్యాబుల్లో పరికరాలు పాతవి, రికార్డులు సీనియర్లవి చూసి రాసేవాళ్లం. లైబ్రరీ మాత్రం మా సొంతం. హాస్టల్ మెస్ డివైడింగ్ సిస్టమ్, నెలాఖరుకి ఖర్చంతా లెక్కేసి తలా ఇంత అని పంచుతారు, అందుకే సరుకులు ఎవరు తెస్తున్నారు, ఎంతకు తెస్తున్నారు అన్నది మేమే చూసుకోవాలి. ప్లేస్‌మెంట్ సెల్ ఉంది, కానీ కంపెనీ వచ్చి నిన్ను ఎత్తుకుపోతుందని కూర్చుంటే నాలుగేళ్లు అయిపోతాయి. గేట్, ప్రభుత్వ పరీక్షలు, బయటి ఇంటర్న్‌షిప్‌లు, అన్నీ నువ్వే వెతుక్కోవాలి. తనంతట తాను చదువుకునే పిల్ల అయితే ఇంతకన్నా మంచి చోటు లేదు. వెనక నిలబడి చదివించాలి అనుకుంటే ఆలోచించండి.

మదనపల్లె టమాటా:
సీనియర్ అన్న చెప్పింది నిజమే కానీ పిల్లను భయపెట్టేలా ఉంది. క్యాంపస్ చదువులో ఇంకో లాభం చెప్పలేదు. చుట్టూ ఆర్ట్స్, సైన్స్, కామర్స్, పీహెచ్‌డీ చేసేవాళ్లు, అందరూ ఒకే చోట. నా స్నేహితుల్లో సగం మంది నా బ్రాంచి వాళ్లు కాదు. తమిళ శాఖలో ఒక అక్క దగ్గర తమిళం చదవడం నేర్చుకున్నాను. ఇంజనీరింగ్ ఒక్కటే ఉన్న కాలేజీలో అది రాదు.

పాకాల జంక్షన్:
ఆరు నుంచి పది ఎక్కడ?

గుడిపాల కుర్రోడు:
అన్నా, అది అవసరమా? పది దాకా వేలూరులో. మా పిన్నీ వాళ్లు కాట్పాడి దగ్గర ఉంటారు, వాళ్లింట్లో ఉండి చదివింది. మా ఊరి నుంచి వేలూరు దగ్గరే కదా, సగం ఊరు పనికి అటే పోతుంది. వేలూరు, చిత్తూరు ఒకప్పుడు ఒకే జిల్లానే. ఇంట్లో తెలుగే, అక్కడ కూడా తెలుగే మాట్లాడతారు.

పాకాల జంక్షన్:
అదే కారణం. సైట్ తప్పు కాదు.

గుడిపాల కుర్రోడు:
ఏంటి అన్నా అదే కారణం? పుట్టింది చిత్తూరు ఆసుపత్రిలో! జనన ధ్రువీకరణ కూడా ఉంది, అప్‌లోడ్ చేశాం.

పలమనేరు మాస్టారు:
నేను చెప్పింది చదివితే తెలిసేది. మూడు ప్రాంతాలు అన్నాను కదా.

నగరి పిల్ల:
మాస్టారూ, మీరు చరిత్ర చెప్పారు, పాపం ఆయనకు కావలసింది నియమం. నేను చెబుతా, నాదీ దాదాపు ఇదే కేసు. నేను తొమ్మిది దాకా తిరుత్తణిలో చదివాను.

అన్నా, లోకల్ అంటే ఊరు కాదు, చదువు. ఇంటర్ పరీక్షతో ముగిసేలా వరుసగా నాలుగు విద్యా సంవత్సరాలు ఆ ప్రాంతంలో చదివి ఉండాలి. అంటే తొమ్మిది, పది, ఇంటర్ ఫస్టియర్, సెకండియర్. మీ చెల్లికి ఇంటర్ రెండేళ్లే ఉన్నాయి. నాలుగేళ్లు ఒకే ప్రాంతంలో లేనివాళ్లకు ఏడేళ్ల లెక్క ఇంకోటి ఉంది, అందుకే ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. కానీ ఆ ఏడేళ్లూ రాష్ట్రంలోనే చదివి ఉంటే అందులో ఎక్కువ కాలం ఏ ప్రాంతంలో ఉంటే ఆ ప్రాంతం అవుతుంది. తమిళనాడులో చదివిన ఐదేళ్లు దేనికీ కలవవు. బడికి పోకుండా ప్రైవేటుగా పరీక్ష కట్టినవాళ్లకు మాత్రం నివాసం చూస్తారు, అది మీకు వర్తించదు.

గుడిపాల కుర్రోడు:
మరి రేషన్ కార్డు దేనికి అక్కా? నేటివిటీ సర్టిఫికెట్ తీసుకొస్తే లోకల్ అవ్వదా?

మదనపల్లె టమాటా:
నేటివిటీ అంటే లోకల్ కాదా? మా ఊర్లో అందరూ రెండూ ఒకటే అంటారు.

నగరి పిల్ల:
ఒకటి కాదు. ఎక్కడి మనిషివి అన్నది నేటివిటీ. ఎక్కడ చదివావు అన్నది లోకల్. నువ్వు ఢిల్లీ వాడివైనా తొమ్మిది నుంచి ఇంటర్ దాకా చిత్తూరులో చదివితే ఎస్వీయూ లోకల్. చిత్తూరులోనే పుట్టినా వేలూరులో చదివితే కాదు.

క్యాంపస్ సీనియర్:
ఇది అన్యాయం కదా మరి. సరిహద్దు పల్లెల్లో ఉండేవాళ్లకు అవతలి బడే దగ్గర. కుప్పం వైపు కృష్ణగిరికి, కోలారు వైపుకి, నగరి వైపు తిరుత్తణికి. ఆ పిల్లలంతా ఏమైపోవాలి?

పలమనేరు మాస్టారు:
అన్యాయం కాదు నాయనా. ఎక్కడో కూర్చుని ఇక్కడి అడ్రసు పుట్టించుకునే వాళ్లను ఆపడానికి పెట్టిన నియమం అది. పుట్టిన ఊరి కాగితం సంపాదించడం తేలిక, నాలుగేళ్లు బడిలో కూర్చోవడం తేలిక కాదు. అందుకే చదువునే కొలతగా పెట్టారు.

పెనుమూరు పెద్దోడు:
ఇంత గోల ఎందుకు. తెలిసిన స్కూలు వాళ్ల దగ్గర తొమ్మిది, పదికి స్టడీ సర్టిఫికెట్ రాయించుకోండి. మా బంధువు ఒకాయన చేశాడు.

పాకాల జంక్షన్:
పదో తరగతి మెమో తమిళనాడు బోర్డుది. ఎలా కుదురుతుంది?

నగరి పిల్ల:
అన్నా ఆ దారి అస్సలు వద్దు. పట్టుబడితే సీటు పోతుంది, కేసు కూడా అవుతుంది. అసలు మీకు ఆ అవసరమే లేదు. 15 శాతం సీట్లు ఉన్నాయి కదా, అందులో రావచ్చు.

గుడిపాల కుర్రోడు:
అవి వేరే రాష్ట్రం వాళ్లకు కదా అక్కా?

నగరి పిల్ల:
అందరూ అదే అనుకుంటారు. అవి ఎవరికీ రాసిపెట్టిన సీట్లు కావు. అర్హత ఉన్నవాళ్లు ఎవరైనా మెరిట్‌లో తీసుకోవచ్చు, లోకల్ వాళ్లూ అందులో పోటీ పడతారు. అందుకే కటాఫ్ పైన ఉంటుంది. నాన్‌లోకల్ వాళ్లు అందులో అర్హత పొందాలంటే కొన్ని దారులు ఉన్నాయి. బయట చదివిన కాలం తీసేసి అభ్యర్థి మొత్తం పదేళ్లు రాష్ట్రంలో ఉండటం ఒకటి. లేదా తల్లిదండ్రుల్లో ఒకరు బయట ఉద్యోగం చేసిన కాలం తీసేసి పదేళ్లు రాష్ట్రంలో నివసించి ఉండటం. లేదా తల్లిదండ్రులు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ, ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగులై ఇక్కడ పనిచేస్తూ ఉండటం. మీ నాన్న గుడిపాలలోనే ఉన్నారు కాబట్టి రెండోది మీకు సరిపోతుంది. తహసీల్దారు ఇచ్చే పదేళ్ల నివాస ధ్రువీకరణ కావాలి. మీ గ్రామ సచివాలయంలో అప్లై చేయండి. మీరన్న రేషన్ కార్డు, ఓటరు కార్డు ఇక్కడ పనికొస్తాయి. మామూలు నివాస పత్రం కాదు, పదేళ్లు అని స్పష్టంగా రాసి ఉండాలి, అది చూసి తీసుకోండి.

గుడిపాల కుర్రోడు:
ఓహో. మరి నాన్న మధ్యలో రెండేళ్లు బెంగళూరులో పనికి పోయారు. అది లెక్కలోకి వస్తుందా?

పాకాల జంక్షన్:
మొత్తం పదేళ్లు చాలు. వరుసగా అని లేదు.

మదనపల్లె టమాటా:
అయితే ఎస్వీయూ ఏరియా అంటే ఎస్వీయూకి అఫిలియేషన్ ఉన్న కాలేజీలేనా? మా ఊరి దగ్గర కాలేజీ జేఎన్‌టీయూ అనంతపురం కిందకి వస్తుంది. మరి అది ఏ ఏరియా?

పలమనేరు మాస్టారు:
మంచి ప్రశ్న. ఎస్వీయూ 1954లో పెట్టారు. 1974 ఉత్తర్వు నాటికి చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు, నెల్లూరు జిల్లాలు దాని ప్రాంతం. తర్వాత అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ, కడపలో యోగి వేమన, నెల్లూరులో విక్రమ సింహపురి, కర్నూలులో రాయలసీమ యూనివర్సిటీ, ఇలా విడివిడిగా వచ్చాయి. కానీ ప్రవేశాల లెక్కలో ఇప్పటికీ ఆ పాత ఐదు జిల్లాల హద్దే. ఆ కాలేజీ ఏ యూనివర్సిటీ కింద ఉన్నా, ఆ హద్దులో ఉంటే అది ఎస్వీయూ ఏరియానే. 2022లో జిల్లాలు మార్చినా అంతే. గూడూరు, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వచ్చాయి, నెల్లూరు కూడా అదే ప్రాంతం కాబట్టి తేడా పడలేదు.

క్యాంపస్ సీనియర్:
తమ్ముడూ, ఇంకో మాట. నాన్‌లోకల్‌గా పోటీ పడుతుంటే ఒక్క తిరుపతి క్యాంపస్ పెట్టి కూర్చోవద్దు. ప్రభుత్వ కాలేజీలు వేరే ఉన్నాయి. జేఎన్‌టీయూ వాళ్లది కలికిరిలో ఉంది, పులివెందులలో ఉంది, అనంతపురం క్యాంపస్ ఉంది. తిరుపతిలోనే ఆడపిల్లలకు పద్మావతి మహిళా యూనివర్సిటీ ఇంజనీరింగ్ ఉంది, హాస్టల్ విషయంలో ఇంట్లోవాళ్లకు నిశ్చింత. ఆప్షన్లు ఎన్ని పెట్టినా డబ్బులు అడగరు. ఇష్టమైనది పైన, తర్వాతది కింద, అంతే. బ్రాంచి చూసి పెట్టాలా, కాలేజీ చూసి పెట్టాలా అన్నది పెద్ద యుద్ధం, నేను కాలేజీ వైపు.

మదనపల్లె టమాటా:
బ్రాంచి చూడాలి. ప్రభుత్వ కాలేజీలో సివిల్ తీసుకుని నాలుగేళ్లు కంప్యూటర్ కోర్సుల చుట్టూ తిరిగినవాళ్లు నా గదిలోనే ఇద్దరు ఉన్నారు.

క్యాంపస్ సీనియర్:
నేను సివిల్ చేశాను. ఇప్పుడు హాయిగానే ఉన్నాను.

పెనుమూరు పెద్దోడు:
తిరుపతిలో చదివితే ఒకటే బాధ. బ్రహ్మోత్సవాలు మొదలైతే చాలు, మేనమామలు, చిన్నాన్నలు, వాళ్ల పక్కింటివాళ్లు అందరూ ఫోన్లే. రూం ఉందా, దర్శనం టికెట్లు దొరుకుతాయా అని. ఇంజనీరింగ్ చదివేవాడికి టికెట్లకు ఏం సంబంధమో ఎవరికీ అర్థం కాదు. మా గదిలో ఓ రాత్రి నలుగురు పడుకోవాల్సిన చోట పదిమందికి పైనే పడుకున్నారు. పొద్దున నాకు ఇంటర్నల్ పరీక్ష.

మదనపల్లె టమాటా:
మా ఇంట్లో వాళ్లకు అసలు పరీక్ష కన్నా లడ్డూ ముఖ్యం. సెలవులకు ఇంటికొస్తుంటే మార్కులు అడగరు, ఎన్ని లడ్డూలు తెస్తున్నావు అంటారు.

పలమనేరు మాస్టారు:
చర్చ దారి తప్పుతోంది. 371-డి గురించి ఎవరికైనా సందేహాలు ఉంటే అడగండి.

పాకాల జంక్షన్:
ఎవరికీ లేవు మాస్టారూ.

నగరి పిల్ల:
గుడిపాల అన్నా, సర్టిఫికెట్ వచ్చాక దాన్ని హెల్ప్‌లైన్ సెంటర్‌లో చూపించి అన్‌రిజర్వ్‌డ్‌కి, అంటే ఆ 15 శాతం సీట్లకు అర్హత నమోదు అయిందో లేదో చూసుకోండి. ఎన్ఎల్ అనే ఉంటుంది, అది పోదు. పోయిందా లేదా అని చూస్తూ కూర్చోకండి. నాకు కూడా చివరిదాకా అలాగే ఉంది, సీటు వచ్చింది. మొదటి విడతలో రాకపోతే రెండో విడత చూడండి, పైన ఉన్నవాళ్లు వేరే చోటికి పోతే ఖాళీలు పడతాయి.

గుడిపాల కుర్రోడు:
సచివాలయంలో ఇచ్చి వచ్చా. నాన్న ఆధార్, పాత కరెంటు బిల్లులు కూడా తీసుకున్నారు. తహసీల్దారు సంతకం రావాలంట. చెల్లి మాత్రం మహిళా యూనివర్సిటీని మొదటి ఆప్షన్ పెడతా అంటోంది, సీనియర్ అన్న పోస్టు చదివినప్పటి నుంచి. ఎస్వీయూ రెండోది. చూద్దాం. అందరికీ థ్యాంక్స్.

అవునూ, అన్‌రిజర్వ్‌డ్‌లో వస్తే ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందా?

పెనుమూరు పెద్దోడు:
హాస్టల్లో సీటు వస్తే చెప్పు తమ్ముడూ, పెరటాసి శనివారం దర్శనానికి మా వాళ్లు వస్తున్నారు.