అప్‌డేట్: మిర్యాలగూడ కాలేజీ గడియారాలు ఇప్పుడు ఒకే టైమ్ చూపిస్తున్నాయి

రౌటర్ మార్చినప్పటి నుంచి మా జూనియర్ కాలేజీలో ఆరు నెట్‌వర్క్ గడియారాలు (ఇంటర్నెట్ నుంచి టైమ్ తీసుకునేవి) తలో టైమ్ చూపిస్తున్నాయని పోయిన వారం ఇక్కడ అడిగాను. ప్రీఫైనల్ పరీక్షలు దగ్గరపడటంతో చాలా టెన్షన్ పడ్డాను.

ముందు గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌కు దారిగా పెట్టే రౌటర్ అడ్రస్) చూడమని జవాబిచ్చిన అన్న చెప్పిందే నిజం. గడియారాలకు ఐపీ అడ్రస్‌లు చేత్తో పెట్టి ఉన్నాయి, గేట్‌వే మాత్రం పాత రౌటర్‌ది. ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయి కాబట్టి ఆఫీసు కంప్యూటర్ నుంచి పింగ్ చేస్తే (అందుతోందా అని చిన్న మెసేజ్ పంపి చూస్తే) జవాబు వచ్చేది. బయటి టైమ్ సర్వర్‌ను మాత్రం అవి చేరలేకపోయాయి. పింగ్ వస్తోంది కదా అని నేను ఫైర్‌వాల్‌లో టైమ్ మెసేజ్‌లు వెళ్లే యూడీపీ 123 పోర్టు చుట్టూ రెండు రోజులు తిరిగాను. అది మొదటి నుంచీ తెరిచే ఉంది.

గేట్‌వే మార్చగానే నాలుగు సరిపోయాయి. ఐదోది సరిగ్గా ఐదున్నర గంటలు వెనక ఉంది. ఎన్‌టీపీ (టైమ్ సర్వర్ నుంచి టైమ్ వచ్చే పద్ధతి) పంపేది యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక టైమ్. నేను రీసెట్ కొట్టినప్పుడు దాని టైమ్‌జోన్ పోయింది. +5:30 పెట్టాను. ఆరోదానికి కేబుల్ కనెక్టర్ వదులైంది, కొత్తది క్రింప్ చేయించాం.

నిన్న మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. ఎవరూ ముట్టుకోకుండానే ఆరూ టైమ్ పట్టుకున్నాయి. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్.